విజయవాడ నుంచి చెన్నై ట్రాక్‌కి బైకులు వ్యాన్‌లో తీసుకెళ్లాలి: ఏ బండి మంచిది, ఎలా కట్టాలి?

బెంజిసర్కిల్_ఆర్15 (విజయవాడ)

అందరికీ నమస్తే. మేం ముగ్గురం ఫ్రెండ్స్. నాది యమహా ఆర్15 వి4, మిగతా ఇద్దరివీ కేటీఎం ఆర్‌సీ 390లు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డేకి, అంటే మన బైకులు రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుకి, పేర్లు ఇచ్చాం. ముగ్గురికీ ఇదే మొదటిసారి. ఇక్కడి నుంచి దాదాపు 450 కిలోమీటర్లు. బైకుల మీదే వెళ్దామని ఒకడు, వ్యాన్‌లో వేసుకుని వెళ్దామని ఇంకొకడు. వ్యాన్ అయితే అద్దెకి తీసుకోవాలా, పాత మారుతీ ఈకో ఒకటి కొనేసుకోవాలా? ముందు ముందు ఏడాదికి కొన్నిసార్లు వెళ్లే ఆలోచన ఉంది. కట్టడం, ఎక్కించడం, పోలీసుల దగ్గర కాగితాలు, వీటి గురించి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. బైకు మీద గీత పడినా ఇంట్లో ఊరుకోరు, అందుకే టెన్షన్.

గుంటూరు_390 (గుంటూరు)

బ్రో, నడుపుకుంటూ వెళ్లే ఆలోచన మానేయండి. ఆర్‌సీ మీద ముందుకు వంగి అంత దూరం వెళ్తే మణికట్లు, మెడ పట్టేస్తాయి. మర్నాడు పొద్దున్నే ట్రాక్ మీద మీకు కావాల్సింది తాజా ఒళ్లు, తాజా బుర్ర. హైవే మీద తిన్నగా పోయి పోయి టైరు మధ్యలో చదును అవుతుంది, వంపులో బైకు పడుకోబెట్టేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ట్రాక్ మీద మెల్లగా జారి పడినా క్లచ్ లివరో, ఫుట్‌పెగ్గో, గేర్ లివరో విరుగుతుంది. మనిషికి ఏమీ కాదు, బైకు మాత్రం రోడ్డెక్కే స్థితిలో ఉండదు. అప్పుడు ఇంటికి ఎలా వస్తారు? ఈ భయం బుర్రలో ఉంటే ట్రాక్ మీద నేర్చుకోవాల్సింది నేర్చుకోలేం. వ్యాన్ బయట నిలబడి ఉంటే ఆ భయం ఉండదు.

కృష్ణలంక_రైడర్ (విజయవాడ)

రైల్లో పార్సిల్ వేసి మీరు పినాకినిలో వెళ్లిపోతే? పొద్దున్నే ఇక్కడ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్.

గుంటూరు_390 (గుంటూరు)

@కృష్ణలంక_రైడర్ ఊరు మారేవాళ్లకి అది బాగుంటుంది. ట్రాక్ డేకి కుదరదు. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయాలి, గోనెతో ప్యాకింగ్ చేయించాలి, మనం ఎక్కిన రైల్లోనే బైకు వస్తుందన్న భరోసా లేదు. సెంట్రల్‌లో దించుకున్నాక మళ్లీ శ్రీపెరంబుదూరు వైపు వెళ్లడానికి ఇంకో బండి మాట్లాడాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇదంతా మళ్లీ మొదటి నుంచి.

ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్ (విజయవాడ)

బండి గురించి నేను చెబుతా. మా షెడ్డుకి ఇలాంటి పనులు వస్తుంటాయి.

ముందు టేపు తీసుకుని బైకు కొలవండి. ఆర్15 వి4 పొడవు 1990 మిల్లీమీటర్లు, వెడల్పు 725, బరువు 142 కిలోలు. ఆర్‌సీ 390 ఒక్కోటి 172 కిలోలు. మూడు కలిపితే ఐదు క్వింటాళ్లకి కాస్త తక్కువ. దానికి తోడు స్టాండ్లు, టూల్స్, మంచినీళ్లు, బ్యాగులు.

టాటా ఏస్ గోల్డ్ తొట్టి 2200 పొడవు, 1490 వెడల్పు. ఆర్15 లాంటివి రెండు పడతాయి. కానీ రెండూ ఒకే వైపు తిప్పి పెడితే 725, 725 కలిసి 1450 అయిపోయింది, హ్యాండిళ్లు ఒకదానికొకటి తగులుతాయి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిప్పి పెట్టాలి. మూడోది పెట్టాలని చూడొద్దు. పైగా ఏస్ మీద 450 కిలోమీటర్లు అంటే ప్రాణం విసిగిపోతుంది. మామూలుగా గొల్లపూడి, కానూరు తిరిగే లోడ్లకి అది మంచి బండి.

మూడు బైకులకి బొలేరో పికప్ సరైనది. తొట్టి పొడవు మోడల్‌ని బట్టి మారుతుంది, మాట్లాడుకునే ముందు కొలవండి. ఒకటి గుర్తుపెట్టుకోండి. పికప్‌కి వెనక ఉండేవి టన్ను పైన లోడుకి చేసిన కమాన్ పట్టీలు. మీరు వేసేది అందులో సగం కూడా ఉండదు కాబట్టి గుంతలో పడితే తొట్టి ఎగిరెగిరి పడుతుంది. వెనక టైర్లలో ఫుల్ లోడుకి కొట్టే గాలి ఉంటే ఇంకా ఎక్కువ. డ్రైవర్ డోరు దగ్గర కంపెనీ స్టిక్కర్ చూసి తక్కువ లోడుకి ఎంత గాలి ఉండాలో అంతే పెట్టించండి. బైకులకి తగిలే కుదుపు చాలా తగ్గుతుంది.

సొంతంగా కొనే స్తోమత ఉంటే టాటా వింగర్ కార్గో, ఫోర్స్ ట్రావెలర్ డెలివరీ వ్యాన్ లాంటివి. లోపల మనిషి నిలబడి పనిచేసుకోవచ్చు. కింద 18 ఎంఎం ప్లైవుడ్ పరిచి, దాని మీద చక్రం కూర్చునే ఇనప చానల్ బిగించి, ఛాసీకి పట్టేలా బెల్టులు తగిలించే డి రింగులు వేస్తే పని అయిపోతుంది. రింగులు ఫ్లోరు రేకుకి మాత్రం స్క్రూ చేయొద్దు. రేకు చీరుకుని వచ్చేస్తుంది. కింద నుంచి పెద్ద ప్లేటు వాషర్ పెట్టి బోల్టు వేయాలి.

లబ్బీపేట_రైడర్ (విజయవాడ)

నేను మూసి ఉన్న వ్యాన్ పక్షమే. కారణాలు చెబుతాను.

ట్రాక్ డేకి వెళ్లే ఆడపిల్లలకి లెదర్ సూట్ వేసుకునే చోటు పెద్ద సమస్య. చెమట పట్టిన ఒంటి మీద వన్ పీస్ సూట్ ఎక్కించడం, దించడం రెండు నిమిషాల పని కాదు. రోజులో నాలుగైదు సెషన్లు ఉంటే మధ్యలో సగం విప్పుకుని కూర్చోవాలి. వ్యాన్‌లో బైకు దించాక లోపల ఒక పరదా కట్టుకుంటే అదే మన గది. ఎండకి నీడ, మధ్యాహ్నం నడుం వాల్చుకోవడానికి చాప. ట్రాక్ దగ్గర రాత్రి లాడ్జిలో దిగినప్పుడు బైకులు బయటికి కనిపించవు, తలుపుకి తాళం పడుతుంది. తెరిచిన పికప్‌లో మూడు స్పోర్ట్స్ బైకులు పెట్టుకుని లాడ్జి ముందు నిద్రపోవడం నా వల్ల కాదు.

ఇంకోటి వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు దాటితే ఎప్పుడు ఏ వాయుగుండం పడుతుందో తెలియదు. పట్టా కప్పినా హైవే గాలికి అది టపటపా కొట్టుకుని బైకు ఫెయిరింగ్ (పైనుండే ప్లాస్టిక్ కవరు) మీద రంగు లేపేస్తుంది.

బెంజిసర్కిల్_ఆర్15 (విజయవాడ)

థ్యాంక్స్ అక్కా, ఈ కోణం మాకు తట్టనే లేదు. మాతో వచ్చే వాళ్లలో ఒకమ్మాయి కూడా ఉంది. ఈకో సంగతి ఎవరైనా చెప్పండి.

పటమట_ఈకో (విజయవాడ)

నా దగ్గర ఫైవ్ సీటర్ ఈకో ఉంది. అందులో ఒక్క బైకు వెళ్తుంది. ఎలాగంటే అద్దాలు, విండ్‌స్క్రీన్ తీసేసి, వెనక సీటు పక్కన పెట్టేసి, ఎక్కించేటప్పుడు ముందు ఫోర్కు నొక్కి పట్టి లోపలికి తోయాలి. వెనక డోరు ఎత్తు దగ్గరే అసలు పరీక్ష. ఆర్15 ఎత్తు 1135 మిల్లీమీటర్లు, స్క్రీన్ తీస్తే తగ్గుతుంది. నా బైకు కొంచెం ఐమూలగా నిలబడుతుంది, పక్కన ఒక బ్యాగు, స్టాండు, టూల్స్ పడతాయి. ముందు సీట్లలో ఇద్దరం.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇంతకంటే చవకైన దారి లేదు. సొంత బోర్డు, కారు లాగే నడుస్తుంది, వారం అంతా ఇంటి పనికి వాడుకోవచ్చు. ముగ్గురికి మాత్రం ఇది పనికిరాదు, మీరు కొనొద్దు. సీట్లు శాశ్వతంగా పీకేసి వెల్డింగులు చేయిస్తే అది బండి మార్పు కింద లెక్క, ఆర్‌టీఓ అనుమతి కావాలి. అవసరం తీరాక సీటు మళ్లీ బిగించేయడమే నా పద్ధతి.

ప్యాడక్_మెకానిక్ (గుంటూరు)

ఏ బండి అన్న చర్చ బాగుంది కానీ, దెబ్బతిన్న బైకులు నేను చూసినంత వరకు తప్పు కట్టిన తీరులోనే ఉంది. వింగర్‌లో వేసినా కట్టడం సరిగ్గా లేకపోతే బైకు పడుతుంది. బొలేరోలో వేసినా సరిగ్గా కడితే కదలదు. కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తా.

బైకుని సైడ్ స్టాండ్ మీద పెట్టి ఎప్పుడూ కట్టకూడదు. బెల్టు కిందికి లాగే కొద్దీ బరువంతా ఆ స్టాండు పివట్ మీద పడుతుంది. కుదుపుకి అది వంగుతుంది, లేదా ఫ్రేములో అది బిగించిన చోటే పగులుతుంది. ప్యాడక్ స్టాండ్ (చక్రాన్ని నేల నుంచి లేపే స్టాండు) మీద పెట్టి కట్టడం కూడా తప్పే. బైకు రెండు చక్రాల మీద నిటారుగా నిలబడాలి, ముందు చక్రం, దాన్ని కదలకుండా పట్టి ఉంచే ఒక చాక్‌లోనో, తొట్టి ముందు గోడకి ఆనించిన చానల్‌లోనో దిగి ఉండాలి.

ముందు రెండు బెల్టులే ముఖ్యం. ఫోర్కులు రెండింటినీ పట్టి ఉండే కింది క్లాంపు ఉంటుంది కదా, దాని చుట్టూ సాఫ్ట్ లూప్ (మెత్తటి పట్టీ) వేసి, ఆ లూప్‌కి రాచెట్ బెల్టు (పిడి ఆడించి బిగించే బెల్టు) హుక్ తగిలించాలి. ఇనప హుక్ నేరుగా బైకుకి తగలకూడదు. ఆర్15, ఆర్‌సీ లాంటి వాటికి క్లిప్ ఆన్ హ్యాండిళ్లు, అంటే ఒక్కో ఫోర్కుకి విడిగా బిగించినవి. వాటి చివర కట్టి లాగితే క్లిప్ ఆన్ ఫోర్కు మీద తిరిగిపోతుంది. బెల్టు ముందుకీ పక్కకీ ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో దిగాలి. మరీ నిట్టనిలువుగా దిగితే బైకు పక్కకి ఊగకుండా ఆపలేదు. రెండు పక్కలా కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగిస్తూ ఫోర్కు ప్రయాణంలో సగం, ఇంకాస్త ఎక్కువ దిగే దాకా లాగండి.

ఎందుకంత లాగాలంటే, ఇది వినండి. బెల్టు వదులుగా ఉంటే గుంతలో పడ్డప్పుడు ఫోర్కు ఇంకా కిందికి దిగుతుంది. ఆ క్షణం బెల్టులో బిగువు పోయి హుక్ రింగులోంచి ఊడిపోతుంది. ఫోర్కు మళ్లీ పైకి లేచేసరికి ఆ పక్క పట్టుకునేది ఏమీ లేదు. బైకు రెండో వైపు పడుతుంది. అందుకే మూత ఉన్న హుక్కులు కొనండి. లేకపోతే హుక్ నోటికి ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టండి.

వెనక రెండు బెల్టులు వెనక భాగం పక్కకి గెంతకుండా ఉండటానికే. స్వింగార్మ్‌కో (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ), వెనక చక్రం రిమ్ముకో వేసి ఓ మాదిరిగా బిగిస్తే చాలు. రిమ్ముకి వేసేటప్పుడు బ్రేక్ డిస్కుకి, చెయిన్‌కి బెల్టు తగలకుండా చూసుకోండి. గేరులో వదిలేయండి, ముందుకీ వెనక్కీ దొర్లకుండా అదో ఆసరా.

తొట్టి అంచుల మీదుగా బెల్టు పోయే చోట పాత ట్యూబ్ ముక్క వేయండి. రేకు అంచు రాపిడికి పాలిస్టర్ బెల్టు నెల్లూరు వచ్చేసరికి సగం కోసుకుపోతుంది. తెరిచిన బండి అయితే బెల్టుని ఒక అర మెలిక తిప్పి కడితే గాలికి కొట్టుకోదు.

అన్నిటికంటే చివరిది, ఎవరూ చేయనిది. బయల్దేరిన పాతిక కిలోమీటర్లలోపు ఆపి అన్ని బెల్టులూ చేత్తో లాగి చూడాలి. ఆ కాస్త దూరంలోనే టైర్లు చాక్‌లో సర్దుకుని, లూపులు బిగుసుకుని, ముందు కట్టిన బిగువు కొంత పోతుంది. విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకి కాజ టోల్ దాటగానే పక్కకి తీసి ఆపడం అలవాటు చేసుకోండి. తర్వాత టీ కోసం ఆగిన ప్రతి చోటా.

గుంటూరు_390 (గుంటూరు)

@ప్యాడక్_మెకానిక్ అన్నా, ఫోర్కు అంత సేపు నొక్కి ఉంచితే సీళ్లు పోతాయంటారు కదా?

ప్యాడక్_మెకానిక్ (గుంటూరు)

అడుగు దాకా దించేసి రాత్రంతా వదిలేస్తే స్ప్రింగుకీ సీలుకీ మంచిది కాదు, అది నిజం. సగం దాకా దించి ఎనిమిది, పది గంటలు వెళ్తే ఏమీ కాదు. నేను చూసిన కారిన సీళ్లలో ఎక్కువ భాగం ఫోర్కు ట్యూబు మీద ఎండిన బురద, పురుగులు అతుక్కుని, వాటి మీదుగా సీలు రాసుకుని పోయినవే. కట్టే ముందు ఆ ట్యూబు తడి బట్టతో తుడవండి. మోటోక్రాస్ వాళ్లు ముందు టైరుకీ దాని పైనున్న కింది క్లాంపుకీ మధ్య ఒక దిమ్మ పెట్టి కడతారు, ఫోర్కు ఎక్కువ దిగకుండా. మన బైకులకి మడ్‌గార్డు అడ్డం, అంత అవసరం లేదు. చేరగానే బెల్టులు వదులు చేయడం మర్చిపోకండి.

నున్న_పికప్ (విజయవాడ రూరల్)

నాది సొంత బొలేరో పికప్, కిరాయికి తిప్పుతా. ఈ బైకుల ట్రిప్పులు చెన్నైకి వేశాను కాబట్టి చెబుతున్నా.

కిరాయి మాట్లాడేటప్పుడు రానూపోనూ కలిపి మాట్లాడండి. డ్రైవర్ బత్తా, ట్రాక్ దగ్గర వెయిటింగు, టోల్ ఎవరిది అన్నది ముందే తేల్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నున్న మార్కెట్‌కి మామిడి వస్తుంది. అప్పుడు పికప్‌లు దొరకవు, దొరికినా రేటు వేరు. ఆ నెలల్లో వెళ్లాలనుకుంటే నెల ముందే అడ్వాన్సు ఇచ్చి పెట్టుకోండి.

మా డ్రైవర్లు నైలాన్ తాడుతో లారీ ముడి వేస్తే మోటారు కూడా కదలదు. కానీ బైకుకి తాడు వద్దు. మెకానిక్ గారు చెప్పిన ఫోర్కు ఊపుకి తాడు సాగుతుంది, వానకి తడిస్తే ఇంకా సాగుతుంది. డ్రైవర్ "నేను కట్టేస్తా, మీరు కూర్చోండి" అంటాడు. మర్యాదగా వద్దని చెప్పి మీ బెల్టులు మీరే కట్టుకోండి. ఏ డ్రైవరూ ఏమీ అనుకోడు.

మాకు 80 దగ్గర స్పీడు లాక్ ఉంటుంది. కారులో వెళ్లే లెక్క వేసుకోకండి. ఆగుతూ వెళ్తే తొమ్మిది, పది గంటలు అనుకోండి. తొట్టిలో మనుషులు కూర్చుని బైకులు పట్టుకుంటామంటే నేను ఎక్కించను. అది చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ ప్రమాదం.

గుంటూరు_390 (గుంటూరు)

దానికి తోడు నాదొక మాట. ఫిబ్రవరి, మార్చిలో గుంటూరు వైపు పికప్ మాట్లాడుకుంటే అది ముందు రోజు మిర్చి యార్డుకి టిక్కీలు (బస్తాలు) మోసి ఉంటుంది. తొట్టి సందుల్లో మిర్చి దుమ్ము నిండా ఉంటుంది. గాలికి అది లేచి హెల్మెట్ లోపలి ప్యాడింగులో, గ్లవుల్లో చేరితే ట్రాక్ మీద కళ్లు మండి చచ్చిపోతారు. చెమట పట్టిన ముఖానికి ఆ హెల్మెట్ పెట్టుకుని గంటకి వంద దాటి వెళ్లడం ఊహించుకోండి. తొట్టి ప్రెజర్ వాటర్‌తో కడిగించి, ఆరాక ఎక్కించండి. హెల్మెట్, సూట్, గ్లవులు క్యాబిన్‌లోనే మీ దగ్గర పెట్టుకోండి. రొయ్యల లోడు తిరిగే బండి అయితే అసలే వద్దు. ఆ ఉప్పునీళ్ల చెమ్మకి చెయిన్, బోల్టులు తుప్పు పడతాయి.

బెంజిసర్కిల్_ఆర్15 (విజయవాడ)

ఇది ఎవరూ చెప్పరు, థ్యాంక్స్ బ్రో. ఎక్కించడం ఎలా? పికప్ తొట్టి నా నడుము దాటి ఉంది.

ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్ (విజయవాడ)

ఎత్తు తగ్గించడమే సగం పని తమ్ముడూ. పికప్ వెనక చక్రాలు పల్లంలోకి దిగేలా రివర్స్ చేస్తే తొట్టి అంచు అడుగు పైనే కిందికి వస్తుంది. ఏదైనా గోడౌన్ ప్లాట్‌ఫాం దొరికితే ఇంకా సుఖం, ర్యాంపే అక్కర్లేదు.

ర్యాంపు ఏడు, ఎనిమిది అడుగులు ఉండాలి. పొట్టి ర్యాంపు నిటారుగా లేస్తుంది. బైకు తొట్టి అంచు ఎక్కేటప్పుడు ఇంజన్ అడుగు, సైలెన్సర్ అంచుకి తగులుతాయి. ర్యాంపు పై కొనని బెల్టుతో బండికి కట్టేయాలి. వెనక చక్రం దాని మీదకి రాగానే ర్యాంపుని వెనక్కి తన్నేస్తుంది, ఎక్కించేటప్పుడు పడిపోయేవన్నీ అలాగే పడతాయి. బైకుకి ఒక పలక, దాన్ని నడిపించే మనిషికి పక్కన ఇంకో పలక. చాలామంది ఒక్క పలకే తెస్తారు. సగం దూరం వెళ్లేసరికి మనిషి కింద, హ్యాండిల్ తల పైన.

ముగ్గురు ఉండాలి. ఒకరు ఎడమ పక్క హ్యాండిల్, ముందు బ్రేకు. ఒకరు వెనక నుంచి తోయడం. మూడో మనిషి తొట్టిలో నిలబడి ముందు చక్రం అందుకోవడం. దించేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే ఏటవాలు మీద ముందు చక్రం జారుతుంది. ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, క్లచ్ కొంచెం కొంచెం వదులుతూ దింపండి. వెనక చక్రమే బ్రేకు అవుతుంది. చెప్పులతో ఈ పని చేయొద్దు, బూట్లు వేసుకోండి.

కాగితాల_సంగతి (గుంటూరు)

పోలీసులు, కాగితాల గురించి అడిగారు కదా. లాయర్ ఆఫీసులో మోటారు కేసులు చూస్తాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

మొత్తం బరువు, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డులో (దీన్నీ ఆర్‌సీ అంటారు) జీవీడబ్ల్యూ అని ఉండేది, 3000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66లో ఈ మినహాయింపు ఉంది. పెద్ద పికప్‌లు ఆ అంకె దాటుతాయి. అప్పుడు తమిళనాడులోకి వెళ్లడానికి నేషనల్ పర్మిట్ ఉందో లేదో యజమానిని అడగండి. ఫిట్‌నెస్, పొల్యూషన్, ఇన్సూరెన్స్ ఏ గూడ్స్ బండికైనా తప్పవు.

సొంతంగా గూడ్స్ వ్యాన్ కొని మీరే నడపాలంటే మామూలు ఎల్‌ఎంవీ (కారు) లైసెన్సు సరిపోతుంది. 7500 కిలోల లోపు రవాణా బండికి వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో ఖాయం చేసింది.

మూడు బైకుల రిజిస్ట్రేషన్ కార్డులు, ఇన్సూరెన్సులు దగ్గర పెట్టుకోండి. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. నంబర్ ప్లేట్లు ట్రాక్ కోసం ముందే విప్పేసుకుంటే రాత్రి పూట చెక్‌పోస్టులో ఇవి ఎవరి బైకులు అన్న ప్రశ్న వస్తుంది. అది సహజం. ప్లేట్లు, అద్దాలు ట్రాక్ దగ్గర విప్పుకోవచ్చు.

ఇన్సూరెన్స్ విషయం మాత్రం జాగ్రత్తగా చదవండి. బైకుకి ప్యాకేజీ పాలసీ, అంటే సొంత నష్టం కూడా కవర్ అయ్యేది ఉంటే, రోడ్డు మీద గానీ రైల్లో గానీ తరలించేటప్పుడు జరిగే నష్టం కూడా అందులోకి వస్తుంది. వ్యాన్‌లో పడి ట్యాంకు సొట్టపడితే క్లెయిమ్‌కి దారి ఉంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. ఇక రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ పాలసీలోనే మినహాయింపు. ట్రాక్ గేటు దాటాక జరిగేది మీ జేబు ఖర్చే. దాన్ని రోడ్డు మీద జరిగినట్టు రాయించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది మోసం, తర్వాత మీ నిజమైన క్లెయిమ్ కూడా పోతుంది.

లబ్బీపేట_రైడర్ (విజయవాడ)

పెట్రోలు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మూసిన వ్యాన్‌లో అదే అసలు ప్రమాదం. ట్యాంకు నిండుగా పోసుకుని ఎక్కిస్తే మన ఎండకి పెట్రోలు వ్యాకోచించి మూత దగ్గరున్న వెంట్ గొట్టంలోంచి కారుతుంది. లోపల ఆవిరి నిండుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. సిగరెట్టు సంగతి అటుంచండి, వదులుగా ఉన్న వైరు నిప్పురవ్వ చాలు. పావు ట్యాంకుతో ఎక్కించండి, కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, ఒక చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డ్రైవర్‌కి చెయ్యి అందే చోట బిగించండి.

వాటర్ క్యానుల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పెట్రోలు పట్టుకెళ్లొద్దు. అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని పెట్రోలియం చట్టం చెబుతుంది, అదీ గట్టి మూత ఉన్న లోహపు డబ్బా లాంటి వాటిలోనే. ఇరుంగట్టుకోట్టై చెన్నై, బెంగళూరు హైవే మీదే ఉంది, బంకులకి కొదవ లేదు. అక్కడే పోయించుకోండి.

ఆర్డీ350_పెద్దాయన (విజయవాడ)

పిల్లలూ, చర్చ చాలా బాగా నడుస్తోంది. రోడ్డు గురించి కొంచెం చెబుతా.

చెన్నై ఊళ్లోకి వెళ్లొద్దు. నెల్లూరు, సూళ్లూరుపేట, తడ దాటి తమిళనాడులోకి వెళ్లాక రెడ్ హిల్స్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకోండి. నజరత్‌పేట దగ్గర దిగితే బెంగళూరు హైవే. అక్కడి నుంచి శ్రీపెరంబుదూరు వైపు తిరిగితే ట్రాక్ దగ్గరే. ఊళ్లో సిగ్నళ్లూ, బ్రేకులూ, వాటికి బెల్టులు వదులయ్యే బాధా తప్పుతాయి.

ఆ దారిలోనే షోలవరం వస్తుంది. ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 1990లో మొదలైంది. అంతకు ముందు మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు పెట్టింది షోలవరంలో, యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద. గడ్డి మూటలు, డ్రమ్ములు పెట్టి మలుపులు చేసేవారు. ఎనభైల్లో మేం ఇక్కడి నుంచి రైల్లో వెళ్లి ఎండలో నిలబడి చూసేవాళ్లం. దూరాల నుంచి వచ్చిన రైడర్లు మెటడార్ వ్యాన్లలో బైకులు దించుకుని, ఆ వ్యాను నీడలోనే కార్బురేటర్లు విప్పేవారు. మీకిప్పుడు 3.7 కిలోమీటర్ల మంచి ట్రాకు, పన్నెండు మలుపులు, ట్రాక్ తప్పినా దెబ్బ తగలకుండా ఆగే ఖాళీ చోట్లు (రన్ ఆఫ్ ఏరియాలు), అంబులెన్సు అన్నీ ఉన్నాయి. చాలా సంతోషం.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది తిరుగు ప్రయాణం గురించి. ట్రాక్ డే అయిపోయిన సాయంత్రమే వ్యాన్ ఎక్కి రాత్రికి రాత్రి విజయవాడ వచ్చేద్దామని అందరూ అనుకుంటారు. రోజంతా ఎండలో, లెదర్ సూట్‌లో ఒంట్లో నీరంతా పోయి ఉంటుంది. చేతులు పట్టేసి ఉంటాయి. బుర్రలో ఇంకా మలుపులు తిరుగుతూ ఉంటాయి కాబట్టి అలసట తెలియదు. ఒంగోలు, చిలకలూరిపేట మధ్య తెల్లవారుజామున మూడింటికి అది ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పుడే షోల్డర్ మీద లైట్లు లేకుండా ఆగిన లారీ కనిపించదు. ట్రాక్ మీద పడితే లేచి దులుపుకుని రావచ్చు, ఇక్కడ అలా కుదరదు. ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరండి. ఒక రోజు సెలవు ఎక్కువ పెట్టండి. డ్రైవర్‌ని మాట్లాడుకున్నా సరే, రోజంతా అతను నిద్రపోయాడా లేదా అడిగి తెలుసుకోండి.

నున్న_పికప్ (విజయవాడ రూరల్)

పెద్దాయన గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. మేం ట్రాక్ బయట ఎండలో బండిలోనే కూర్చుంటాం, నిద్ర ఎక్కడ పడుతుంది? డ్రైవర్‌కి కూడా లాడ్జిలో ఒక మంచం చూపిస్తే మీకే మంచిది.

పటమట_ఈకో (విజయవాడ)

సామాను గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. టమాటా ట్రేలు తెచ్చుకోండి. ఒకదాని మీద ఒకటి పేరుస్తాయి, నీళ్లు నిలవవు, బెల్టు వేసి కట్టొచ్చు. ఒక ట్రేలో టూల్స్, టార్క్ రెంచ్, ప్రెజర్ గేజ్, గాలి పంపు. ఇంకోదాంట్లో స్పేర్ క్లచ్, బ్రేక్ లివర్లు, గేర్ లివర్, కేబుల్ టైలు, హెడ్‌లైటుకి అంటించే టేపు, ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి కట్టే లాక్ వైరు. మీకు దగ్గర్లో స్పేర్ పార్టుల షాపు ఉండదు, నాలుగు వందల రూపాయల లివర్ లేక మధ్యాహ్నం అంతా కూర్చోవాల్సి వస్తుంది. బరువున్న ట్రేలు క్యాబిన్ గోడకి ఆనించి పెట్టాలి. వెనక పెడితే బ్రేకు కొట్టినప్పుడు ముందుకి వచ్చి ఫెయిరింగ్‌ని గుద్దుతాయి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను రెండు, ఓఆర్ఎస్, నీడకి ఒక పట్టా.

బెంజిసర్కిల్_ఆర్15 (విజయవాడ)

అందరికీ పేరు పేరునా థ్యాంక్స్. ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పుడే ఏమీ కొనడం లేదు. ఈసారికి పికప్ అద్దెకి తీసుకుంటాం. ఇద్దరం క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన ఇరుక్కోకుండా ఒకడు డ్రైవర్‌తో, మిగతావాళ్లం కారులో వెనకే. బైకులు కళ్ల ముందే ఉంటాయి కాబట్టి బెల్టు వదులైతే వెంటనే తెలుస్తుంది. పన్నెండు రాచెట్ బెల్టులు, సాఫ్ట్ లూపులు సొంతంగా కొంటున్నాం. తిరిగి రావడం మర్నాడు పొద్దున. పరదా కోసం కారు పక్కన కట్టుకునేలా ఒక చిన్న టెంటు తీసుకుంటున్నాం, ఆ అమ్మాయి కూడా సరేనంది.

ఒక్క సందేహం మిగిలింది. ఆర్‌సీలు రెండు, ఆర్15 ఒకటి. మధ్యలో ఏది?

ప్యాడక్_మెకానిక్ (గుంటూరు)

ఆర్‌సీలు రెండూ రెండు పక్కలా ముఖం ముందుకి, ఆర్15 మధ్యలో ముఖం వెనక్కి. బరువు రెండు వైపులా సమానంగా పడుతుంది, హ్యాండిళ్లు తగలవు. మధ్య బైకుకి చాక్ వెనక డోరు వైపు వస్తుంది కాబట్టి ఆ చాక్‌ని తొట్టికి బోల్టు వేయించండి, ఊరికే పెడితే జారుతుంది. మధ్యది ముందు ఎక్కించి కట్టేయండి. పక్కవి ఎక్కాక దాని బెల్టులకి చెయ్యి అందదు, అందుకని దానికి రెట్టింపు శ్రద్ధ పెట్టండి.

ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్ (విజయవాడ)

చాక్ బోల్టు పని నేను చేసి పెడతా, తొట్టికి చిల్లులు వేయడానికి బండి యజమాని ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే రెండు చానళ్లు వెల్డింగ్ చేసి తొట్టి వెడల్పుకి సరిపడా ఒక ఫ్రేము చేసిస్తా, అది తొట్టి లోపల ఇటూ అటూ బిగుసుకుని కూర్చుంటుంది, ఏ పికప్‌కైనా తీసి వేసుకోవచ్చు. ర్యాంపు కూడా షెడ్డులో ఉంది, ఎనిమిది అడుగులది, పక్క పలకతో సహా. బయల్దేరే ముందు రోజు పికప్ తీసుకుని రండి, మూడు బైకులూ ఒకసారి ఎక్కించి దించి చూద్దాం. ఆదివారం మాత్రం షెడ్డు ఉండదు.

నున్న_పికప్ (విజయవాడ రూరల్)

నా బండికి చిల్లులు వద్దు అన్నా, ఫ్రేమే చేయండి. తొట్టి కొలతలు సాయంత్రం పంపిస్తా.